చెకింగమ్మ సంచి

మా అత్తయ్యను ఆవిడ పనిచేసిన చోట అందరూ చెకింగమ్మ అనేవాళ్ళు. పెద్ద బట్టల షోరూం వెనక గేటు దగ్గర, సాయంత్రం డ్యూటీ దిగి ఇళ్ళకు వెళ్ళే అమ్మాయిల సంచులు వెతకడం ఆవిడ ఉద్యోగం. గేటు పక్కన పచ్చ కర్టెన్ వేలాడే చిన్న గది, అందులో ఒక బల్ల, మిణుకుమిణుకుమనే ట్యూబ్‌లైటు. అమ్మాయి లోపలికి రావాలి, సంచి బల్ల మీద పెట్టాలి, చేతులు పక్కలకు చాపాలి. ఏళ్ళ తరబడి అదే పని చేసి రిటైరయ్యారు. అత్తయ్య ఉద్యోగాన్ని వదిలారు గానీ ఉద్యోగం అత్తయ్యను వదల్లేదు.

ఇంటికి ఎవరొచ్చినా ముందు వాళ్ళ చేతుల వైపు చూస్తారు, ఆ తర్వాతే మొహం వైపు. పాలప్యాకెట్ మీద తేదీ చూసి, ఆ తేదీని నమ్మక మళ్ళీ వాసన చూస్తారు. కూరలబండి ఆయన "అన్నీ తాజావేనమ్మా" అంటే, "తాజావైతే నువ్వు చెప్పడమెందుకు, నాకు కళ్ళు లేవా?" అంటారు. పెళ్ళయి నేనా ఇంటికి వెళ్ళిన కొత్తలో నా సూట్‌కేసు తెరిచి ఉండటం చూసి అడిగితే, "ఏం లేదే, సర్దుతున్నా" అన్నారు. సర్దడానికి అడుగు దాకా చెయ్యి పెట్టాల్సిన పనేముందో నాకిప్పటికీ అర్థం కాదు.

ఆవిడ అనుమానానికి ఒక లెక్క ఉండేది. అది నాకు ఎన్నోసార్లు చెప్పారు.

"ఏమీ లేని పిల్ల విసుక్కుంటుందే. బస్సు పోతోంది, తొందరగా కానివ్వు చెకింగమ్మా అని చిటపటలాడుతుంది. సంచిలో ఏదో ఉన్న పిల్లే నవ్వుతుంది. నీ చీర బాగుంది, నీ ఆరోగ్యం ఎలా ఉంది అని కుశలాలడుగుతుంది. నవ్వు ఎటు నుంచి వస్తే నేను అటు వెతుకుతా."

ఇంకో మాట కూడా చెప్పేవారు. అడక్కముందే తనంతట తాను తీసి బల్ల మీద పెట్టిన పిల్లను మేనేజరుకు పట్టించేవారు కాదట. ఎక్కడ తీశావో అక్కడే పెట్టెయ్ అని పంపించేసేవారట. "అలాంటిది నా సర్వీసు మొత్తానికి ఒక్కతే తగిలింది" అనేవారు.

ఇలాంటి మనిషి ఉన్న ఇంట్లోకి నేను టీకా మాట తీసుకొచ్చాను. పాప పుట్టి ఇంకా రెండు నెలలు నిండలేదు. బరువు చూపించడానికి వెళ్ళిన ఆస్పత్రిలో, మెదడుకు వచ్చే జ్వరం రాకుండా కొత్త టీకా ఒకటి తయారైందనీ, పెద్దవాళ్ళకూ నడిచే పిల్లలకూ వేసి చూశారనీ, ఇప్పుడు చంటిపిల్లలకు వేసి ఎంతవరకు క్షేమమో చూస్తున్నారనీ చెప్పారు. ఇష్టమైతేనే చేరవచ్చు, ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు మానుకోవచ్చు అన్నారు. మా తమ్ముడికి పాలు తాగే వయసులో ఆ జ్వరమే వచ్చింది. బతికాడు గానీ వినికిడి పోయింది. వాడిని పిలవాలంటే ఇప్పటికీ భుజం తట్టాలి. అందుకని నాకు ఆ మాట వినగానే పాపను చేర్పించాలనిపించింది.

అత్తయ్య ఒంటికాలి మీద లేచారు.

"ఆరోగ్యంగా ఉన్న పిల్లలే కావాలన్నారా?"

"అవునత్తయ్యా."

"జబ్బు పిల్లలు వద్దన్నారా?"

"వద్దన్నారు. టీకా జబ్బు రాకుండా వేసేది కదా."

"అదుగో! అక్కడే ఉంది తిరకాసు. పరీక్షలు జబ్బు మనిషికి చేస్తారు. నిక్షేపంలాంటి పిల్లకు పరీక్షేంటే?"

"పరీక్ష పాపకు కాదత్తయ్యా, మందుకు."

"మందుకు పరీక్షైతే మందునే కూర్చోబెట్టి రాయించుకోమను. మధ్యలో మన పిల్లెందుకు?"

మా ఆయన లిఫ్టులు రిపేరు చేస్తారు. ఇంట్లో గొడవ ఏ అంతస్తులో ఆగితే ఆ అంతస్తులో దిగిపోవడం ఆయనకు అలవాటు. తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నట్టు నటిస్తూ నవ్వుకున్నారు.

చివరికి డాక్టరమ్మను తానే ఆరా తీస్తానని అత్తయ్య నాతో బయల్దేరారు. టీకా గది ఆస్పత్రి వరండా చివర ఉంది. గోడకు ఆనించి పొడుగు బెంచీ, బిడ్డల బరువు చూసే యంత్రం, దాని మీద పరిచిన పలచటి గుడ్డ, మూలన తలుపుకు తాళమున్న ఫ్రిజ్. అత్తయ్య కళ్ళు నేరుగా ఆ తాళం మీద పడ్డాయి.

"మా పిల్లకు ఏ సూది వేస్తారు?" అని అడిగారు.

డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. "కొందరికి కొత్త టీకా వేస్తాం, కొందరికి ఇప్పుడు అందరికీ వేస్తున్న పాత టీకా. పాతది కొన్ని రకాల జ్వరాన్నే ఆపుతుంది, కొత్తది ఇంకా ఎక్కువ రకాలను ఆపుతుందని మా ఆశ. ఎవరికి ఏది పడుతుందో మాకు కూడా తెలియదమ్మా."

"మీకే తెలీదా?" అత్తయ్య నా వైపు తిరిగి కళ్ళెగరేశారు. "సరుకేంటో తెలీకుండా అమ్మే కొట్టు ఎక్కడైనా చూశావా?"

"తెలిస్తే మా కళ్ళే మమ్మల్ని మోసం చేస్తాయమ్మా. కొత్తది వేసిన పిల్ల కాస్త ఏడిస్తే చాలు, అదిగో అంటాం. పాతది వేసిన పిల్ల ఎంత ఏడ్చినా మామూలేలే అంటాం. అందుకే మమ్మల్ని మేమే నమ్మం."

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అత్తయ్య, "ఆవిడ కూడా మా డిపార్టుమెంటేనే" అన్నారు. అత్తయ్య నోటి నుంచి అంతకు మించిన పొగడ్త నేను వినలేదు. ఒప్పుకున్నారు గానీ, కళ్ళల్లో ఒత్తులు వేసుకుని చూస్తానన్నారు.

మొదటి సూది పడ్డ వారమంతా ఆస్పత్రి నుంచి నర్సమ్మ సాయంత్రాలు ఫోన్ చేసింది. పగలు నేను లాండ్రీ కౌంటర్‌లో ఉంటాను, పాప అత్తయ్య దగ్గర ఉంటుంది. కాబట్టి ఫోన్ అత్తయ్యే తీసుకునేవారు. ఆ నర్సు పిల్ల "పాప ఎలా ఉంది పెద్దమ్మా" అనడం ఆలస్యం, "పొద్దున తుమ్మింది. మళ్ళీ తుమ్మింది. ఎడమ చెవి కుడి చెవి కంటే ఎర్రగా ఉంది. నిద్రలో నవ్వింది, ఎందుకో నాకు తెలీదు, నువ్వే కనుక్కోవాలి" అని మొదలుపెట్టేవారు. నర్సమ్మ ఊపిరి తీసుకునే చప్పుడు నాకు పక్కగదిలోకి వినిపించేది. వాళ్ళు రెండే నియమాలు పెట్టారు. పాలు తప్ప ఇంకేమీ పట్టవద్దు, ఏ మందు వేసినా తమకు చెప్పాలి.

రెండో సూది రోజు పొద్దున నేనూ వెళ్ళాను. వేశాక అరగంట కూర్చోబెట్టి పంపించారు. పాపను అత్తయ్య చేతికిచ్చి నేను లాండ్రీకి పోయాను. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుండగా ఫోన్ మోగింది.

"పాపా? బాగానే ఉందమ్మా, బంగారంలా ఉంది" అంటున్నారు అత్తయ్య. "నువ్వెలా ఉన్నావు తల్లీ? పొద్దస్తమానం మాలాంటి వాళ్ళకు ఫోన్లు చేసి చేసి అలిసిపోయి ఉంటావు. నీ గొంతు ఎంత తియ్యగా ఉంటుందో!"

అని నవ్వారు.

నేను ఒక చెప్పు కాలికి, ఒక చెప్పు చేతిలో అలాగే నిలబడిపోయాను. ఈ ఇంటికి వచ్చిన ఇన్నేళ్ళలో అత్తయ్య ఒకరి గొంతు బాగుందనడం నేను వినలేదు. తుమ్ములు లెక్క చెప్పే మనిషి ఒక్క "బాగానే"తో ఫోన్ పెట్టేశారు. నవ్వు ఎటు నుంచి వస్తే అటు వెతకాలని నాకు నేర్పింది ఎవరు?

ఆ రోజు నుంచి నా కళ్ళు ఆవిడ మీదే. పాప నిద్రపోతే పక్కనే కూర్చుని దాని గుండెల మీద అరచెయ్యి వేసి ఉంచుతున్నారు. కాసేపు కదలకుండా పడుకుంటే చాలు, అరికాలు గిల్లి లేపుతున్నారు. పాప రాగం తీస్తే, "ఏడవనీలే, ఏడవనీ" అంటున్నారు. ఇదివరకు అది కుయ్యిమంటే చాలు, భుజాన వేసుకుని ఇల్లంతా తిరిగేవారు. గూట్లో మా అందరి మందుల పక్కన ఉండే చిన్న సీసా ఒకటి లేదు. ఏ సీసానో వెంటనే గుర్తు రాలేదు, ఖాళీ మాత్రం కనిపించింది.

పాపను చేతుల్లోంచి కింద పడేసి ఉంటారనుకున్నాను. ఆ అనుమానం పుట్టాక కాలు నిలవలేదు. ఆవిడ స్నానానికి వెళ్ళగానే పాప బట్టలన్నీ విప్పి, తల దగ్గర్నుంచి తడిమి చూశాను. మాడు, మెడ, చంకలు, వీపు, మోకాళ్ళు. ఎక్కడా చిన్న గీత కూడా లేదు. నా పాపను నేనే చెకింగ్ చేస్తున్నానని తట్టి సిగ్గేసింది. తలెత్తి చూస్తే గుమ్మంలో అత్తయ్య, తడి జుట్టుతో.

"ఏం వెతుకుతున్నావే?"

"ఏం లేదత్తయ్యా, సర్దుతున్నా" అన్నాను.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆవిడే ముందు చూపు తిప్పుకున్నారు.

మా ఆయనతో చెబితే, "అమ్మ ఇన్నాళ్ళకు నవ్వుతుంటే నీకొచ్చిన బాధేంటి?" అన్నారు.

"ఆవిడ నవ్వితేనే నాకు భయం" అన్నాను.

మూడో సూది దగ్గరపడుతున్న కొద్దీ అత్తయ్య సాకులు మొదలుపెట్టారు. ఎండ ఎక్కువగా ఉందన్నారు. మోకాలు నొప్పన్నారు. చివరికి, "రెండు పడ్డాయిగా, చాల్లే, మానేద్దాం" అన్నారు.

"మానేస్తా. ఎందుకో చెప్పండి."

"ఎందుకేంటి, ఊరికే."

"మా తమ్ముడి భుజం తట్టి పిలిచేది నేను. ఊరికే మానను. పాపకేమైనా అయిందా? నిజం చెప్పండి."

"బాగానే ఉందిగా! కళ్ళముందు ఆడుకుంటోందిగా!" అని నీళ్ళు నమిలారు. ఆ "బాగానే" అన్న మాట మీద నాకు అప్పటికే కక్ష పుట్టింది.

ఆస్పత్రికి వెళ్ళే రోజు అత్తయ్య వెంట రారేమో అనుకున్నాను. నాకంటే ముందు తయారై, పాత గుడ్డసంచి భుజాన తగిలించుకుని మెట్ల దగ్గర నిలబడ్డారు. వరండాలో బెంచీ నిండా తల్లులు, ఒళ్ళో పిల్లలు. మా వంతు వచ్చింది. బరువు చూశారు, జ్వరం చూశారు. డాక్టరమ్మ పాప పొట్ట నొక్కి, కళ్ళు చూసి అడిగింది.

"పోయినసారి సూది తర్వాత ఇబ్బందేమైనా వచ్చిందా?"

అత్తయ్య వైపు చూశాను. ఆవిడ మొహం మీద ఆ నవ్వు వచ్చేసింది.

"లేదమ్మా, బాగానే..."

నర్సమ్మ పాప తొడను దూదితో తుడిచింది. పాప చల్లదనానికి కాలు ముడుచుకుంది. అంతే, అత్తయ్య చెయ్యి వచ్చి ఆ తొడ మీద పడింది.

"ఆగు. వెయ్యకు."

గదిలో అందరం ఆగిపోయాం. అత్తయ్య భుజం మీది సంచి తీసి డాక్టరమ్మ బల్ల మీద పెట్టారు. కళ్ళజోడు డబ్బా తీశారు. తాళాల గుత్తి తీశారు. అడుగు నుంచి చేతిరుమాలులో చుట్టిన సీసా తీసి ముందుకు జరిపారు. పిల్లలకు పట్టే గ్రైప్ వాటర్. మా గూట్లో ఖాళీ అయిన చోటు దానిదే. తర్వాత ఆవిడ చేతులు వాటంతట అవే కాస్త పక్కలకు లేచాయి, ఆ గేటు పక్క గదిలో అమ్మాయిలు నిలబడినట్టు. ఆ సంగతి ఆవిడకు తెలిసినట్టు లేదు.

"ఆ మధ్యాహ్నం గుక్కపట్టి ఏడ్చిందమ్మా. ఎత్తుకున్నా ఆపలేదు. కడుపునొప్పేమో అని ఒక చెంచా పోశాను. అది మందనుకోలేదు, తియ్యగా ఉంటుంది కదా అనుకున్నా. పొయ్యగానే ఏడుపు ఆగిపోయింది. హమ్మయ్య అనుకున్నా. సంతోషపడ్డాను కూడా. తర్వాత చూస్తే చేతులు వేలాడిపోతున్నాయి. తెల్లగుడ్డలా పాలిపోయింది. కళ్ళు తెరిచే ఉంది, నన్ను చూడట్లేదు. పిలిచాను, అరికాళ్ళు రుద్దాను. ఎంతసేపో నాకు తెలీదు. మళ్ళీ రంగొచ్చింది, పాలు తాగింది, ఏమీ ఎరగనట్టు నిద్రపోయింది. నా చేత్తో పోశానమ్మా. నా చేత్తో చంపుకున్నాననుకున్నా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పాపను లాగేసుకున్నాను. ఆ క్షణంలో ఆవిడను ఏమైనా అనగలిగేదాన్ని. నేను షర్టులు మడతపెడుతున్నప్పుడు నా బిడ్డ చేతులు వేలాడుతూ ఉన్నాయి. వారం రోజులు ఫోన్లో నవ్వారు.

డాక్టరమ్మ ముందు నర్సమ్మకు సైగ చేసి సూది పళ్ళెం తీయించేసింది. "ఈరోజు సూది లేదు" అంది. తర్వాత కుర్చీ దగ్గరకు జరుపుకుంది.

"గ్రైప్ వాటర్ వల్ల ఇలా అవుతుందని నేననుకోను. సూది వల్ల అయి ఉండొచ్చు. టీకాల తర్వాత ఎప్పుడో, చాలా అరుదుగా, పిల్లలు ఇలా వాలిపోవడం ఉంది. కాసేపటికి తేరుకుంటారు, ఆ తర్వాత మామూలుగానే పెరుగుతారు. పాపను ఇవాళ క్షుణ్ణంగా చూస్తాం. కానీ పెద్దమ్మా, మాకు తెలియకపోతే ఇప్పుడు ఇంకోటి వేసేసేవాళ్ళం. బయట కూర్చున్న వాళ్ళందరికీ కూడా."

అత్తయ్య తల ఎత్తలేదు. "అడక్కముందే తీసి పెట్టిన పిల్లను వదిలేసేదాన్నమ్మా నేను. నన్ను మీరు రోజూ అడిగారు. రోజూ అబద్ధం చెప్పాను. నన్ను వదలక్కర్లేదు."

అత్తయ్య అప్పుడు తల ఎత్తి, తెరిచి ఉన్న తలుపులోంచి బెంచీ వైపు చూశారు. చూస్తూ చూస్తూ ఆవిడ కళ్ళు చిన్నవయ్యాయి. ఆ చూపు నాకు తెలుసు.

"నర్సమ్మా, ఆ గళ్ళ చున్నీ అమ్మాయిని ఏమడిగారు?"

"అందరినీ అడిగినట్టే పెద్దమ్మా. బిడ్డ బాగుందా అని. బాగుందనే చెప్పింది."

"ఇంకోసారి అడగండి. ఇందాక నుంచి అందరి పిల్లలనూ ముద్దు చేస్తూ ఒకటే నవ్వుతోంది. తన బిడ్డను మాత్రం కింద పెట్టట్లేదు."

డాక్టరమ్మ ఆ అమ్మాయిని లోపలికి పిలిచింది. బాగుందా అని అడగలేదు. ఎదురుగా కూర్చోబెట్టుకుని, "సూది వేశాక మామూలుగా లేనిదేమైనా చూశావా తల్లీ?" అంది. ఆ అమ్మాయి నవ్వబోయి, నవ్వు సగంలోనే ఏడుపైపోయింది. వాళ్ళ బాబు కూడా అలాగే వాలిపోయాడట. నువ్వే సరిగా ఎత్తుకోలేదని ఇంట్లో అంటారని ఎవరికీ చెప్పలేదట.

ఆ రోజు ఇంకెవరికీ సూదులు వెయ్యలేదు. డాక్టరమ్మ తలుపు మూసుకుని ఎవరెవరికో ఫోన్లు చేసింది. ఈ పనితో సంబంధం లేని వేరే డాక్టర్లు కూర్చుని అన్నీ చూస్తారనీ, వాళ్ళు తేల్చేదాకా ఆపేస్తున్నామనీ మాకు చెప్పారు. వాలిపోయిన పిల్లలకు పడింది కొత్తదో పాతదో ఇంకా చెప్పలేదు. అన్నీ తేలాక చెప్తామన్నారు. మొదటిసారి కోపం తెప్పించిన ఆ మాటకు అత్తయ్య ఈసారి తల ఊపి ఊరుకున్నారు. పాపను తల నుంచి కాలి దాకా పరీక్షించి, ఏ లోటూ లేదన్నారు.

నేను మాత్రం ఊరుకోలేకపోయాను. లాండ్రీకి సెలవు పెట్టేశాను. పాపను అత్తయ్య ఒళ్ళో ఒంటరిగా వదల్లేదు. ఆవిడ ఏ చెంచా పట్టుకున్నా నా కళ్ళు ఆ చెంచాతో పాటే తిరిగేవి. ఆవిడకు అది తెలుసు. ఒక ఇంట్లో ఇద్దరు చెకింగమ్మలు తయారయ్యారని మా ఆయన అన్నారు, ఎవరూ నవ్వలేదు.

అలా ఉండగా ఒక సాయంత్రం నర్సమ్మ ఫోన్ చేసింది. పాప బాగోగులు ఇంకా కనుక్కుంటున్నారు. ఇప్పుడు వాళ్ళు అడిగే తీరు మారింది.

"పెద్దమ్మా, పాపలో మామూలుగా లేనిదేమైనా చూశారా?"

అత్తయ్య అంతా చెప్పారు. బోర్లా పడి వెనక్కి తిరగలేక అరిచిందనీ, కుడి కన్ను ఊసి కట్టిందనీ, దుప్పటి చీకుతోందనీ. అంతా అయ్యాక నర్సమ్మ మర్యాదకు అడిగింది.

"మీరెలా ఉన్నారు?"

"నాకేమమ్మా, నేను బాగానే ఉన్నా" అని నవ్వి ఫోన్ పెట్టేశారు.

నేను పాపను చాప మీద పడుకోబెట్టి వెళ్ళి ఆవిడ ఎదురుగా కూర్చున్నాను.

"సంచి విప్పండత్తయ్యా."

ఆవిడ కొంగు అంచు మడతపెట్టడం మొదలుపెట్టారు. "అది ఏడుస్తుంటే బాగుంటుందే" అన్నారు. "ఏడుపు ఆపిందంటే నా గుండె ఆగుతుంది. నువ్వు దాన్ని నా దగ్గర వదలకపోవడమే మంచిదనిపిస్తోంది. నాకే నా మీద నమ్మకం లేదు."

నా కోపం అప్పటికీ పోలేదు. ఇప్పటికీ కాస్త మిగిలే ఉంది. అయినా ఆ మాటకు ఆవిడ పక్కకు జరిగాను. ఊరందరినీ అనుమానించి బతికిన మనిషికి, చివరికి వెతకడానికి తన చేతులే మిగిలాయి.

"రేపట్నుంచి నేను డ్యూటీకి వెళ్తున్నా. పాప మీ దగ్గరే ఉంటుంది" అన్నాను.

"నా దగ్గరా? నమ్ముతావా నన్ను?"

"నమ్మను. సాయంత్రం వచ్చి అన్నీ అడుగుతా. ఏం తాగింది, ఎంత ఏడ్చింది, ఎప్పుడు ఆపింది, మీరెప్పుడు భయపడ్డారు, అన్నీ. బాగానే అని మాత్రం అనకండి."

అత్తయ్య మొహం చిట్లించారు.

"రోజూ వచ్చి ఇంత కూపీ లాగుతావా? నాకింకేం పనుల్లేవా? పొద్దుపోయేదాకా నీకు జవాబులు చెప్పుకుంటూ కూర్చోవాలా?" అని చిటపటలాడుతూ లేచి, పాప చీకుతున్న దుప్పటి లాగడానికి వెళ్ళారు.

ఆవిడ విసుక్కోవడం విని ఎన్ని వారాలైందో. నాకు ప్రాణం లేచొచ్చింది.